ట్యాంకు చచ్చిపోయిన ఎండాకాలం

ఆళ్లగడ్డలో మా ఇంట్లో పరుపులు కుడతారు. చాలా దూదేకుల ఇళ్లలో లాగే మా నాయనకూ అదే పని. ఇంటి ముందు గదే అంగడి. దూది ఏకే మిషను ఒక మూల, పరుపు గుడ్డల బేళ్లు ఇంకో మూల, మధ్యలో పెద్ద చాప. ఆ చాప మీద కూచుని నాయన దబ్బనంతో పరుపు అంచులు కుడుతుంటే, అమ్మ పక్కనే దిండ్లకు దూది కూరుతుంటుంది. ఇంటర్ దాకా నేను సాయంత్రాలు ఆ చాప మీదే ఒక కొసన చదువుకున్నాను. పుస్తకం మూస్తే పేజీల మధ్య నుంచి దూదిపోగు ఒకటి లేచి ముక్కు దగ్గరికి వచ్చేది.

ఇంజనీరింగ్‌లో నాకు కెమికల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ అనే బ్రాంచి వచ్చింది. కోరి తీసుకున్నది కాదు, ర్యాంకుకు దక్కింది. కంప్యూటర్స్ రాలేదని ఇంట్లో ఎవరూ బాధపడలేదు. ఆ రెండింటికీ తేడా ఇంట్లో ఎవరికీ తెలియదు మరి. నాయనకు మాత్రం అంగడికి వచ్చేవాళ్లతో చెప్పుకోవడానికి ఒక మాట కావాల్సి వచ్చింది.

"మీ పాప ఏం చదువుతాందని అడిగితే ఏమని చెప్పాల?" అన్నాడు ఒకరోజు.

"కెమికల్ అని చెప్పు నాయనా."

"కెమికల్ అంటే మందులా?"

"మందులొకటే కాదు. ఫ్యాక్టరీల్లో ఒక వస్తువును ఇంకో వస్తువుగా చేస్తారు గదా, ఆ పని. చేసినాక మిగిలే మురికినీళ్లు, పొగ ఉంటాయి గదా, వాటిని బాగు చేసే పని కూడా."

నాయన దారం పళ్లతో కొరికి, "ఆ రెండోది చెప్పనులే," అన్నాడు.

యూనివర్సిటీలో మొదటి రెండేళ్లూ పైపుల్లో పారే నీళ్ల గురించి, ఆవిరి గురించి, వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయే తీరు గురించి లెక్కలు చేశాం. మూడో ఏట మురుగునీటి శుద్ధి అనే పేపరు వచ్చింది. దాన్ని చెప్పిన మేడమ్ బోర్డు మీద ఒక చతురస్రం గీసేది. లోపలికి ఒక బాణం, బయటికి ఒక బాణం. మధ్యలో ఎక్స్ అని రాసి, ఇవి సూక్ష్మజీవులు, వచ్చిన మురికిని ఇవి తినేస్తాయి, అనేది. ఆ ఎక్స్ ఎంత ఉండాలో, ఎంత గాలి ఇవ్వాలో లెక్కగట్టి నేను మంచి మార్కులే తెచ్చుకున్నాను. అది ఎలా ఉంటుందో, ఏ రంగులో ఉంటుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

నాలుగో ఏడు చివరి సెమిస్టరంతా ఏదో ఒక ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ చేయాలి. క్లాసులో ముందున్నవాళ్లు హైదరాబాదు మందుల కంపెనీలకు పోయారు. కొందరు విశాఖ పోయారు. నాకు నంద్యాల అవతల, పాణ్యం దారిలో, మొక్కజొన్న నుంచి స్టార్చ్ తీసే ఒక చిన్న ఫ్యాక్టరీ వచ్చింది. నంద్యాలలో మా మేనత్తకు గాజుల అంగడి ఉంది. ఆమె ఇంట్లో ఉండి పోయిరావచ్చని అమ్మ సంతోషపడింది. పేరున్న కంపెనీ కాదని నేను రెండురోజులు ముభావంగా ఉండి, తర్వాత సంచి సర్దుకున్నాను.

ఫ్యాక్టరీ మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడేవాడు. మొదటిరోజు నన్ను కూర్చోబెట్టి, "ప్రొడక్షన్‌లో చేస్తారా, ల్యాబులో చేస్తారా?" అని అడిగాడు.

"ఈటీపీలో చేస్తాను సార్," అన్నాను. మురికినీళ్లు బాగుచేసే ప్లాంటును అందరూ ఆ పొడి అక్షరాలతోనే పిలుస్తారు.

ఆయన నా వైపు చూసి, "దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు.

ఈటీపీ ఫ్యాక్టరీ వెనక, ప్రహరీగోడకు ఆనుకుని ఉంది. అక్కడికి పోయే దారిలోనే పులిసిన దోసెపిండి వాసన ఎదురొచ్చింది. ఒక గుండ్రటి సిమెంటు ట్యాంకు. పైకెక్కి చూడటానికి ఇనుప మెట్లు. లోపల గోధుమరంగు నీళ్లు, అడుగునున్న పైపుల నుంచి వచ్చే గాలికి పెద్ద పొయ్యి మీద టీ కాగుతున్నట్టు తెర్లుతున్నాయి. చతురస్రం కాదు, బాణాలు లేవు. మెట్ల మీద నిలబడి చాలాసేపు చూశాను.

అక్కడి ఆపరేటరును అన్నా అని పిలిచేదాన్ని. ఆయనది పాణ్యం. నలభై దాటిన మనిషి. మెడలో తువ్వాలు, చేతిలో ఎప్పుడూ సెల్‌ఫోను.

"ఎన్నాళ్లుంటావ్ పాపా ఈడ?" అన్నాడు.

"మే దాకా అన్నా."

"అంతకుముందు వచ్చినోళ్లు వారం ఉండి, ఫోటోలు తీసుకోని పోయినారు."

పొద్దున్నే ట్యాంకు నుంచి కొలత గీతలున్న ఒక పొడుగాటి కొలగాజు నిండా నీళ్లు తీసి బల్ల మీద పెట్టడం నా మొదటి పని. అరగంట కదపకుండా ఉంచితే గోధుమరంగు మడ్డి విరిగిన పాలలా విడివడి, మెల్లగా అడుక్కు దిగేది. పైన తేటనీళ్లు మిగిలేవి. మడ్డి ఎంత బాగా దిగితే ట్యాంకు అంత బాగున్నట్టు. బీరువాలో ఒక మైక్రోస్కోపు గుడ్డ కప్పుకుని పడి ఉంది. కొన్నప్పటి నుంచి ఎవరూ వాడినట్టు లేదు. దాన్ని బయటికి తీసి, అద్దాలు తుడిచి, మడ్డి నీళ్లు ఒక చుక్క వేసి చూశాను.

సన్నటి కాడ చివర గంటలాంటి ప్రాణి ఒకటి కనిపించింది. గంట అంచు చుట్టూ వెంట్రుకలు గిరగిర తిరుగుతూ నీటిని లోపలికి లాక్కుంటున్నాయి. ఉన్నట్టుండి కాడ స్ప్రింగులా ముడుచుకుపోయింది. మళ్లీ నిదానంగా సాగింది. దాని పక్కన ఇంకో గంట, దాని పక్కన ఇంకొకటి. మేడమ్ బోర్డు మీద రాసిన ఎక్స్ ఇదేనని అనుకున్నాను.

"అన్నా, ఒకసారి వచ్చి చూడు."

"వద్దులే పాపా. నాకు కండ్లు లాగుతాయి," అన్నాడు అన్న, ఫోను చూసుకుంటూ.

ఆ రోజు నుంచి పొద్దున రాగానే ముందు మైక్రోస్కోపు దగ్గరికే పోయేదాన్ని. మడ్డి దిగే తీరు, గంటలు తిరిగే తీరు చూశాకగానీ టీ తాగబుద్ధి కాలేదు. సాయంత్రం ఇంటికి పోతే మేనత్త నా ఫ్యాక్టరీ బట్టలను గుమ్మం దాటనిచ్చేది కాదు. వాటిని మిద్దె మీద వేరే దండెం మీద ఆరేయించేది. "పిండి ఫ్యాక్టరీ అంటివి, పిండి వాసన రావద్దా?" అనేది.

శుద్ధి అయిన నీళ్లు మొదట ఫ్యాక్టరీ చెట్లకు పోయేవి. మిగిలినవి గోడ కింది పైపులో నుంచి అవతలి చేనికి పోయేవి. ఆ చేను ఒక పెద్దమ్మది. ఆమె పుట్టిల్లు గోస్పాడు. తాతల నాటి నుంచి సేద్యం చేసే ఇల్లు. భర్త పోయాక ఆ చేనులోనే కొట్టం వేసుకుని, ఎనుములను పెట్టుకుని, నంద్యాలలో పాలు పోసి బతుకుతోంది. బోరు ఎండిపోయినప్పటి నుంచి చేనంతా ఎనుముల మేతకు కసువే వేసింది. దానికి నీళ్లు మావే. పొద్దున పాలు పోసి రాగానే గోడ దగ్గరికి వచ్చి ఒక కేక వేసేది.

"ఏమప్పా, నీళ్లు ఇడుస్తాండారా?"

"ఇడుస్తాండాం," అని అన్న లోపలి నుంచి కేక వేసేవాడు. వాళ్లిద్దరి మధ్య రోజూ జరిగే మాటలు అవే.

మార్చి చివర్లో, ఎండలు ముదురుతున్నప్పుడు, ఒక పొద్దున ఈటీపీ దారిలో అడుగుపెట్టగానే వాసన మారిపోయి ఉంది. పులిసిన పిండి వాసన లేదు. అగ్గిపుల్లలు కట్టగట్టి గీసినట్టు ముక్కు మండింది. అన్న తువ్వాలు ముక్కుకు కట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను లేదు.

"ఏమైంది అన్నా?"

"సూడు," అన్నాడు అంతే.

ట్యాంకు నిండా తెల్లటి నురగ. నురగ కింద నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. గాలి వస్తూనే ఉంది, నీళ్లు తెర్లుతూనే ఉన్నాయి, కానీ గోధుమరంగు ఎక్కడా లేదు.

స్టార్చ్ తీసేముందు మొక్కజొన్నను గంధకపు వాయువు కరిగించిన వేడినీళ్లలో నానబెడతారు. నానిన తర్వాత మిగిలే నీళ్లు పుల్లగా, చిక్కగా, ఘాటుగా ఉంటాయి. వాటిని కాచి ఇంకా చిక్కబరిచి పశువుల దాణా చేసేవాళ్లకు పంపుతారు. మురుగుకాలువలోకి వదలరు. ముందురోజు ఆ కాచే యంత్రం చెడిపోయింది. తర్వాతి మొక్కజొన్న నానబెట్టడానికి తొట్టి ఖాళీ కావాలి. షిఫ్టులో ఉన్నవాళ్లు తొట్టెడు నీళ్లనూ ఒక్కసారే కాలువలోకి వదిలేశారు. ఈటీపీకి ఎవరూ ఫోను చేయలేదు.

నేను ట్యాంకు నీళ్లలో పరీక్ష కాగితం ముంచితే ఎర్రగా అయింది. అంటే గట్టి పులుపు. కొలగాజులో నీళ్లు పోసి పెట్టాను. అరగంటైనా మడ్డి దిగలేదు. బియ్యం కడుగులా అలాగే ఉండిపోయింది. మైక్రోస్కోపులో చూస్తే కాడలన్నీ వాలిపోయి ఉన్నాయి. గంటలు కొన్ని పగిలిపోయి ఉన్నాయి, కొన్ని ఊరికే ఉన్నాయి. ఏదైనా కదులుతుందేమోనని చుక్క మార్చి చూశాను, మళ్లీ మార్చి చూశాను. ఏదీ కదల్లేదు.

బయటికి వచ్చి ఇనుపమెట్టు మీద కూచున్నాను. టీకి పిలిచినా లేవబుద్ధి కాలేదు. కంటికి కనిపించని వాటి కోసం ఇలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మేనేజరు వచ్చి చూశాడు. షిఫ్టువాళ్లను పిలిచి మాట్లాడాడు, కానీ ఎవరి మీదా అరవలేదు. యంత్రం రిపేరు అయ్యేదాకా ఫ్యాక్టరీ ఎలాగూ ఆపాల్సిందే. "ముందు అవతలి పైపు మూసేయండి," అన్నాడు అన్నతో. తర్వాత నా వైపు తిరిగి, "ఆ చేనావిడకు మీరు చెప్పండమ్మా. ఆడపిల్ల చెబితే కొంచెం వింటారు. మోటారు రిపేరు అని చెప్పండి," అన్నాడు.

గోడ చుట్టూ తిరిగి చేనికి పోయాను. పెద్దమ్మ కొట్టం దగ్గర ఎనుములకు కసువు వేస్తోంది.

"ఏంది పాపా, పొద్దున్నించి నీళ్లు రాలే?"

"ఇయ్యాళ రావు పెద్దమ్మా."

"మోటరు తిరుగుతానే ఉంది గదా. నాకు ఈడికి ఇనపడతాంది."

ఇక నాకు మోటారు అబద్ధం నోట్లో నుంచి రాలేదు. చెప్పినా నిలిచేది కాదు.

"మోటరు బాగానే ఉంది. ట్యాంకులో నీళ్లు బాగుచేసే పురుగులుంటాయి, కంటికి కనపడనంత సన్నవి. అవి చచ్చిపోయినాయి. ఇప్పుడుండే నీళ్లు పులుపు. కసువుకు పెడితే మాడిపోతాది. ఎనుములు తాగితే ఇంకా కష్టం."

"ఎట్ల చచ్చినాయి?"

"మా ఫ్యాక్టరీలోనే ఇడవకూడని నీళ్లు ఇడిసినారు."

ఆమె చేతిలోని కసువు కింద పెట్టింది. "మీరే చంపి, మీరే వచ్చి చెప్తాండారా?"

"ఔ పెద్దమ్మా."

"మళ్ల ఎప్పుడు వస్తాయి?"

"తెలీదు. నెల పట్టొచ్చు."

"నెలంటే నా కసువు యాడుంటాది? ఎనుములకు ఏం పెట్టాల నేను? ఎండ సూస్తాండావా?"

ఆమె వెనక్కి తిరిగి కొట్టంలోకి పోయింది. అరిచి ఉంటేనే బాగుండేదనిపించింది.

మర్నాడు గేటు దగ్గరికి వచ్చి అరిచింది. మేనేజరు బయటికి పోయి చాలాసేపు నిలబడి విన్నాడు. లోపలికి వచ్చి నన్ను పిలిపించాడు.

"మోటారు అని చెప్పమన్నాను కదమ్మా."

"మోటారు చప్పుడు ఆమెకు చేనులోకి వినిపిస్తుంది సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అవును, వినిపిస్తుంది," అన్నాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, "రోజూ ఒక ట్యాంకరు మంచినీళ్లు ఆ చేనికి తోలించండి," అని ఆఫీసువాళ్లకు చెప్పాడు. ఒక ట్యాంకరు ఆ చేనికి ఏ మూలకూ సరిపోదు. ఎనుములు తాగడానికి మాత్రం సరిపోయింది.

మళ్లీ బతికించడం ఎలాగో అన్నకూ తెలియదు, నాకూ తెలియదు. ప్లాంటు మొదలుపెట్టినప్పుడు దాన్ని కట్టిన కంపెనీవాళ్లే వచ్చి నడిపించి, తాళాలు ఇచ్చి పోయారట. నేను యూనివర్సిటీ మేడమ్‌కు ఫోను చేశాను. ఆమె అంతా విని ముందు తిట్టింది, నన్ను కాదు. తర్వాత చెప్పింది. ముందు సున్నం వేసి పులుపు విరవాలి. చెడ్డ నీళ్లు కొంత తీసి ఎండబెట్టే మడుల్లోకి వదలాలి. ఆ తర్వాత కొత్తగా విత్తనం వేయాలి. బతికున్న వేరే ప్లాంటు నుంచి మడ్డి తెస్తే మంచిది. అది దొరక్కపోతే పేడ.

"పేడా మేడమ్?"

"తాజా పేడ. పశువు కడుపులో ఉండేవి కూడా ఇవే జాతి పనివాళ్లు. కాకపోతే ఓపిక పట్టాలి."

సున్నం బస్తాలు వచ్చాయి. అన్న, నేను, ఇంకో ఇద్దరు కూలీలు కలిసి కొంచెం కొంచెంగా కలిపాం. కాగితం ఎరుపు తగ్గుతూ ఆకుపచ్చకు వచ్చింది, అంటే పులుపు విరిగినట్టు. వేరే ప్లాంటు మడ్డి కోసం మేనేజరు నలుగురికి ఫోన్లు చేశాడు. దగ్గర్లో ఎవరి దగ్గరా కుదరలేదు. ఇక పేడే మిగిలింది. గంపలకొద్దీ, రోజూ, తాజాగా కావాలి. అంత పేడ చుట్టుపక్కల ఒక్కరి దగ్గరే ఉంది.

"నేను పోను. నన్ను సూస్తే కొడుతుంది," అన్నాడు అన్న.

నేనే పోయాను. కసువు అప్పటికే కొసలు ఎండి, గాలికి గరగర చప్పుడు చేస్తోంది. పెద్దమ్మ నేను చెప్పేది వింటూ, తోకతో ఈగలు తోలుకుంటున్న ఎనుము వైపు చూస్తూ నిలబడింది.

"నీళ్లు చెడగొట్టేది మీరే, పేడ అడిగేది మీరే."

"అడగడానికి మొగం చెల్లడం లేదు పెద్దమ్మా. కానీ ఇది లేకపోతే నీళ్లు రావు."

"పేడేస్తే వస్తాయా?"

"వస్తాయని మా మేడమ్ చెప్పింది. నేనెప్పుడూ చేయలేదు."

ఆ మాట ఎందుకో ఆమెకు నచ్చింది. ముఖం కొంచెం మెత్తబడింది. "సరే, తీసుకోని పో. రెండు మాటలు. నీళ్లు బాగుపడినాక ముందు నా చేనికే రావాల. ఆ పురుగులు యాడుండాయో, ఎట్లుంటాయో నాకు సూపియ్యాల. ఉత్త మాటలు నేను నమ్మను."

రెండింటికీ ఒప్పుకున్నాను.

పేడను డ్రమ్ముల్లో నీళ్లతో కలిపి, గోనెసంచిలో వడకట్టి, ఆ చిక్కటి నీళ్లను ట్యాంకులో పోయాలి. దాంతోపాటు తిండికి కొంచెం స్టార్చ్ నీళ్లు, బలానికి కొంచెం యూరియా. పేడ కలపడానికి అన్నా నేనూ వెదురు కట్టెలు పెట్టుకున్నాం. మోచేతుల దాకా చిమ్మేది. మొదటిరోజు ఒళ్లు జలదరించింది. మూడోరోజుకు అలవాటైంది.

అప్పుడే ఒకరోజు నాయన వచ్చాడు. పరుపు గుడ్డ కోసం నంద్యాల వచ్చి, కూతురు పనిచేసే చోటు చూద్దామని ఆటోలో వచ్చి గేటు దగ్గర అడిగాడట. వాచ్‌మన్ వెనక ఉన్న ఈటీపీకి తీసుకువచ్చాడు. నేను చున్నీ నడుముకు కట్టుకుని, డ్రమ్ము పక్కన నిలబడి కట్టెతో తిప్పుతున్నాను. తల ఎత్తితే నాయన. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఏం చేస్తాండావ్?" అన్నాడు.

"పేడ కలుపుతాండా నాయనా."

"అది కనపడతాంది. యాంటికి?"

చెప్పాను. ట్యాంకు ఎక్కించి చూపించాను. అప్పటికి నీళ్లు ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి, చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. నాయన వంగి చూశాడు. కిందికి దిగాక డ్రమ్ములో చూశాడు.

"ఇదేనా చదువు?"

"ఇది కూడా నాయనా."

నాయన చొక్కా విప్పి గోడ మేకుకు తగిలించి, బనీనుతోనే నిలబడ్డాడు. అన్న చేతిలోని కట్టె అడిగి తీసుకున్నాడు. "ఉండలు ఉండిపోతాండాయి. ఇట్ల కాదు, పక్కలకు ఒత్తి తిప్పాల," అంటూ రెండు డ్రమ్ములు తిప్పాడు. ఉండలు ఏమంత పోలేదు గానీ నాకు చేతుల నొప్పి తగ్గింది. పోయేటప్పుడు కుళాయి కింద చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని, "అంగడికి వచ్చినోళ్లకు ఇప్పుడు ఏమని చెప్పాల?" అన్నాడు.

"నీ ఇష్టం నాయనా."

"నీళ్ల ఇంజనీరని చెప్తాలే," అన్నాడు. నవ్వలేదు, నిజంగానే ఆలోచించి చెప్పాడు.

తర్వాతి రోజుల్లో చేయడానికి పెద్దగా ఏమీ లేదు. పేడనీళ్లు పోయడం, కొంచెం తిండి పెట్టడం, గాలి సరిగా వస్తోందో లేదో చూడటం. పొద్దున కొలగాజు నింపి పెట్టడం, అరగంట ఎదురు చూడటం. మొదటి వారం గాజులో కడుగునీళ్లే. నాకు తొందర ఎక్కువై, తిండి పెంచుదామన్నాను. మేడమ్ ఫోనులో వద్దంది. "ఆకలి మీద ఉన్నప్పుడే పెరుగుతాయి. నువ్వు చేయి అడ్డం పెట్టకు," అంది. ఆ ఎదురుచూపులోనే నాకు నిమ్మళం అలవాటైంది. అంతకుముందు నేను పరీక్ష ఫలితాల రోజున అన్నం తినలేని మనిషిని. ఇప్పుడు గాజు ముందు కూచుని, దిగితే దిగుతుంది, లేకపోతే రేపు చూద్దాం అని టీ తాగేదాన్ని.

ఏప్రిల్ సగానికి నీళ్ల రంగు మారింది. బూడిదరంగులో ముందు ఒక పసుపు జాడ, తర్వాత లేత గోధుమ. అగ్గిపుల్లల వాసన పోయి, వాన పడ్డ మట్టి వాసనలాంటిది వచ్చింది. ఒక పొద్దున గాజు అడుగున వేలెడు మడ్డి దిగి కనిపించింది. అన్న దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "దిగినాది పాపా," అన్నాడు. గట్టిగా అంటే చెదిరిపోతుందేమో అన్నట్టు నెమ్మదిగా అన్నాడు.

మైక్రోస్కోపులో మొదట సన్నటి చుక్కలు కనిపించాయి, గిలగిలా కదులుతూ. కొన్నాళ్లకు చెప్పు ఆకారంలో ఈదేవి వచ్చాయి. ఆ తర్వాత గంటలు వచ్చాయి. వచ్చిన రోజే పోయి పెద్దమ్మను పిలిచాను.

ఆమె చేతులు కడుక్కుని వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచింది. వద్దన్నా వినలేదు. స్టూలు మీద కూచోబెట్టి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను.

"నల్లగా ఉంది."

"అది మీ కనురెప్ప పెద్దమ్మా. కొంచెం వెనక్కి. ఇంకో కన్ను మూయొద్దు."

"తెల్లగా అయింది... ఆ, ఉండు." స్టూలు అంచు పట్టుకున్న చేయి అలాగే ఉండిపోయింది. "తిరుగుతాండాయి. ఒకటి గంట మాదిరి ఉంది. ముడుచుకుంటాంది, మళ్ల లేస్తాంది."

"అవే."

"ఇవి మా ఎనుముల కడుపులోవేనా?"

"కొన్ని పేడలోవి. కొన్ని చావకుండా మిగిలిన పాతవి అయ్యుంటాయి. కొన్ని గాలిలో నుంచి వచ్చింటాయి. ఏవి ఏవో నాకూ తెలీదు."

"ఏం తింటాయి?"

"మీ కసువును ఎనుములు తిన్నట్టే, మా పిండినీళ్లను ఇవి తింటాయి."

"పాలు ఇయ్యవు గానీ," అంది పెద్దమ్మ, కన్ను తీయకుండానే.

లేచాక తలుపు దగ్గర నిలబడి ఉన్న అన్న వైపు చూసింది. "నువ్వు సూసినావాప్పా?"

అన్న తువ్వాలు సర్దుకున్నాడు. "లేదక్కా."

"ఇన్నేండ్లుగా ఈడే ఉండి సూడలేదా? పోయి సూడు."

అన్న వచ్చి కూచున్నాడు. నేను అడిగితే లాగే కళ్లు ఆరోజు లాగలేదు. చూసి లేచి, ట్యాంకు దగ్గరికి పోయి గాలి పైపులన్నీ ఒకసారి తట్టి చూసుకున్నాడు.

మే మొదటి వారంలో నీళ్లు అన్ని పరీక్షల్లోనూ సరిగా వచ్చాయి. మేనేజరు కాగితాలు చూసి సరేనన్నాక, ముందు పెద్దమ్మ పైపే తెరిచాం. ఫ్యాక్టరీ చెట్లు ఆ ఒక్కరోజు ఆగాయి. కసువు సగానికి పైగా ఎండిపోయింది. వేరు బతికున్న చోట మళ్లీ చిగురించింది, మిగిలినచోట ఆమె కొత్తగా నాటుకుంది. మధ్యలో కొన్నాళ్లు కసువు బయట కొన్నది. అందులో కొంత ఫ్యాక్టరీ ఇచ్చింది. మొత్తం ఇవ్వలేదు. ఆ సంగతి ఆమె ఇప్పటికీ మేనేజరు కనిపించినప్పుడల్లా గుర్తు చేస్తుంటుంది.

యూనివర్సిటీలో నా రిపోర్టు వినడానికి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పేడ మోతాదు ఎలా లెక్కగట్టావు అని అడిగారు. "మొదట గంపల్లో సార్, తర్వాత కాగితం మీద," అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, లెక్క చూపించమన్నారు. చూపించాను. ఒకచోట తప్పు పట్టుకున్నారు. తప్పు నిజమే. నేను బయటికి వచ్చే ముందు, మళ్లీ ఇలా జరిగితే ఏం చేస్తావు అని ఇంకో ప్రశ్న అడిగారు. పేడ సంగతి తర్వాత సార్, ముందు ట్యాంకులోకి చెడ్డనీళ్లు రాకుండా మధ్యలో ఆపుకునే చోటు ఒకటి ఉండాలి, అన్నాను. ఆ జవాబు అప్పటికప్పుడే తట్టింది. అన్నాళ్లూ బతికించే ఆలోచనలో పడి, దాని గురించి నేను ఆలోచించనే లేదు.

డిగ్రీ అయ్యాక అదే ఫ్యాక్టరీవాళ్లు ఉద్యోగానికి పిలిచారు. హైదరాబాదు నుంచి కూడా ఒకటి వచ్చింది, జీతం కొంచెం ఎక్కువ. మేనేజరు ఫోనులో, "మీకు ఇక్కడ ఏం కావాలో చెప్పండమ్మా," అన్నాడు. అందరిలాగే జీతం గురించి అడుగుతానని ఆయన అనుకుని ఉంటాడు. కాలువకూ ట్యాంకుకూ మధ్య ఒక ఖాళీ తొట్టి కట్టించండి సార్, అన్నాను. చెడ్డ నీళ్లు వస్తే దాంట్లోకి మళ్లిస్తాం, తర్వాత తీరిగ్గా బాగుచేసుకుంటాం. ఆయన ఓనర్లతో మాట్లాడి, వారం తర్వాత సరేనన్నాడు. నేను చేరాను.

ఆ వానాకాలం అయ్యేలోపు తొట్టి కట్టారు. కాలువలో ఒక మీటరు పెట్టారు. నీళ్లు పుల్లబడితే గంట మోగి, గేటు తిరిగి, నీళ్లన్నీ తొట్టిలోకి పోతాయి. ఇంతవరకూ ఆ గంట పరీక్షకు తప్ప మోగలేదు. ఇంత దుడ్లు పెట్టి కట్టిన తొట్టి ఊరికే ఉందేమని అకౌంట్సువాళ్లు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. ఊరికే ఉండాలనే కట్టించానని చెబుతాను. వారానికి ఒకసారి నేనూ అన్నా పోయి మూత తీసి లోపలికి చూస్తాం. మూత సందుల్లో నుంచి గాలికి వచ్చి పడిన వేపాకు, దుమ్ము ఉంటాయి. వాటిని ఊడ్పించి, మళ్లీ మూత వేసి, టీకి పోతాం.